గోదారిని వడగట్టిన చేతులు

2024 ఆగస్టు 5న పాత కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. డాబాల మీద నిలబడి చూశాం. 1966లో మొదటి యూనిట్ తిరిగినప్పటి నుంచి పాల్వంచకు అన్నం పెట్టింది ఆ ప్లాంటే. పొరుగూరి వాళ్లకు మా ఊరు ఎక్కడో చెప్పాలంటే ఆ టవర్ల వైపే చెయ్యి చూపించేవాళ్లం. కిన్నెరసాని నీళ్లకు సింగరేణి బొగ్గు తోడైతే కరెంటు ఎలా పుడుతుందో ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. దాని ఖరీదూ తెలుసు. డాబా మీద ఆరేసిన వడియాల మీద, తులసి కోట మీద, ఆసుపత్రి వరండాలో దగ్గుతూ కూర్చున్న ముసలివాళ్ల ఊపిరిలో ఆ బొగ్గు బూడిదను చూస్తూ పెరిగాం. పాత యూనిట్లు పోయినా ఐదో దశ, ఆరో దశ, 800 మెగావాట్ల ఏడో దశ ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

కరెంటుకు సంబంధించిన ఇంకో పెద్ద పని ఇదే జిల్లాలో మూడు దశాబ్దాలకు పైగా జరుగుతోంది. దాని గురించి మాకే సరిగా తెలియదు. పాల్వంచ నుంచి భద్రాచలం రోడ్డు పట్టి, బూర్గంపాడు, మొండికుంట మీదుగా వెళ్తే గంటకు కాస్త పైచిలుకు ప్రయాణంలో అశ్వాపురం వస్తుంది. అక్కడ గౌతమీనగర్ అనే కాలనీ, దాని వెనక గోదావరి, ఆ ఒడ్డున ఆకాశంలోకి లేచిన ఉక్కు టవర్ల గుంపు. పేరుకు మణుగూరు భారజల కర్మాగారం. జనం నోట హెవీవాటర్ ప్లాంట్. 1991 డిసెంబరులో పని మొదలుపెట్టింది. ఏడాదికి 185 టన్నులు దాని సామర్థ్యం. అణుశక్తి అనగానే మనవాళ్లు కల్పాక్కం అంటారు, కూడంకుళం అంటారు. మన దేశంలోని అణు రియాక్టర్లలో చాలావాటికి ప్రాణాధారమైన సరుకు మన గోదావరి నీళ్ల నుంచి తీస్తారని ఎందరికి తెలుసు? అణువిద్యుత్తు చవకా, ఖరీదా అనే వాదన ఈ రోజుల్లో జోరుగా నడుస్తోంది. ఆ వాదనలోకి దిగేముందు ఈ ప్లాంటులో పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడాలని నా కోరిక.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. ఈ ప్లాంటులో యురేనియం లేదు. అణుధార్మికత లేదు. లోపలికి వచ్చేవి గోదావరి నీళ్లు, బయటికి పోయేవి కూడా నీళ్లే. మధ్యలో ఒక చిన్న వంతును పట్టి ఆపుకుంటారు. మనం తాగే నీళ్లలోని హైడ్రోజన్‌లో దాదాపు ఆరున్నర వేల పరమాణువులకు ఒకటి మిగతావాటికి రెట్టింపు బరువుంటుంది. దానిపేరు డ్యుటీరియం. 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ దీన్ని కనుక్కొని మూడేళ్లకే నోబెల్ అందుకున్నాడు. ఆక్సిజన్‌కు రెండు పక్కలా ఈ బరువు హైడ్రోజన్ చేరితే అది భారజలం. చూడటానికి మామూలు నీళ్లే. రంగు లేదు, వాసన లేదు. కానీ లీటరుకు నూరు గ్రాములకు పైగా అదనపు బరువు తూగుతుంది. నాలుగు డిగ్రీలకు కాస్త దిగువనే గడ్డకడుతుంది. ఆ గడ్డను మామూలు నీళ్ల గ్లాసులో వేస్తే తేలదు, తిన్నగా అడుక్కు దిగిపోతుంది. మంచుగడ్డ మునగడం అనే ఆ ఒక్క దృశ్యం చాలు, ఇది వేరే సరుకని నమ్మడానికి.

దీనితో అణుశక్తికి ఏం పని? యురేనియం పరమాణువు చీలినప్పుడు న్యూట్రాన్లు మహా వేగంగా దూసుకొస్తాయి. ఆ వేగంలో అవి ఇంకో పరమాణువును చీల్చడం కష్టం. వాటిని నెమ్మదింపజేయాలి, కానీ మింగేయకూడదు. మామూలు నీళ్లు నెమ్మదింపజేస్తాయి, కొన్నిటిని మింగేస్తాయి కూడా. అందుకే మామూలు నీళ్ల రియాక్టర్లకు శుద్ధిపెంచిన యురేనియం కావాలి. భారజలం నెమ్మదింపజేస్తుంది, మింగడం మాత్రం బహు తక్కువ. అందువల్ల గనిలోంచి తీసిన యురేనియం, అంటే చీలే రకం నూటికి ఒక వంతు కూడా లేనిది, ఉన్నది ఉన్నట్టుగానే మండుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని మితకారి అంటారు. పిల్లల అల్లరిని కొట్టకుండా, తిట్టకుండా అదుపులో పెట్టే మంచి పంతులుగారి పని అది.

యురేనియాన్ని శుద్ధిపెంచే సాంకేతికత మనకు ఎవరూ ఇవ్వలేదు. అందుకే మన దేశం భారజలం దారి పట్టింది. ఆ దారిలో కూడా మధ్యలోనే చెయ్యి వదిలేశారు. రాజస్థాన్‌లో మొదటి రియాక్టర్లు కెనడా సాయంతో మొదలయ్యాయి. 1974 మేలో పోఖ్రాన్ పరీక్ష జరగగానే కెనడా తప్పుకుంది. రెండో యూనిట్ కోసం సోవియట్ యూనియన్ నుంచి భారజలం తెచ్చుకోవలసి వచ్చింది. ఒక్కో 220 మెగావాట్ల రియాక్టర్‌కు రెండు వందల టన్నుల పైచిలుకు భారజలం నింపాలి. ఇవ్వాళ ఇస్తానన్నవాడు రేపు కాదంటే కోట్లు పోసి కట్టిన కట్టడం ఖాళీ కుండలా మిగులుతుంది. అప్పటికి మన దగ్గరున్నది 1962లో నంగల్‌లో పెట్టిన చిన్న ప్లాంటు ఒక్కటే. అక్కడి నుంచి బరోడా, తూత్తుకుడి, తాల్చేరు, కోటా, థాల్, హజీరా వరుసగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఎరువుల కర్మాగారాల అమ్మోనియా వాయువు మీద ఆధారపడ్డవి. కోటా దారి వేరు. అక్కడ నీళ్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ కలిపి పనిచేయించారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో మనవాళ్లే రూపకల్పన చేసుకున్న పద్ధతి అది. 1985లో కోటాలో నేర్చిన ఆ పనిని దాదాపు రెట్టింపు చేసి మణుగూరులో నిలబెట్టారు. బొగ్గు పక్కనే ఉంది, గోదావరి ఆనుకొని ఉంది, చుట్టూ అడవి. ప్రమాదకరమైన గ్యాస్‌ను జనసమ్మర్దానికి దూరంగా ఉంచుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

ఇక అసలు పనికి వద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ఈ పద్ధతి మూలం ఒక చిన్న స్వభావంలో ఉంది. నీళ్లను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఒకచోట కలిపితే రెండూ తమ హైడ్రోజన్‌ను ఇచ్చిపుచ్చుకుంటాయి. చల్లగా ఉంటే డ్యుటీరియం నీటివైపు ఎక్కువ మొగ్గుతుంది. వేడెక్కితే ఆ మొగ్గు తగ్గి, కొంత గ్యాస్ వైపు జారుతుంది. ఎంత తేడా అంటే, ముప్పై డిగ్రీల దగ్గర ఆ మొగ్గు దాదాపు 2.3 వంతులు, నూట ముప్పై డిగ్రీల దగ్గర 1.8 వంతులు. అంతే. ఈ రెండు అంకెల మధ్యనున్న పిసరంత తేడా మీద ఒక కర్మాగారాన్ని, ఒక కాలనీని, ఒక దేశపు అణువిద్యుత్ కార్యక్రమాన్ని నిలబెట్టారు.

ఒక చల్లటి టవర్, దాని కింద ఒక వేడి టవర్ ఊహించుకోండి. నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. గ్యాస్ కిందినుంచి పైకి ఎక్కుతుంది. వేడి టవర్‌లో నీటి దగ్గరున్న డ్యుటీరియాన్ని గ్యాస్ లాక్కొని పైకి తీసుకుపోతుంది. చల్లటి టవర్‌లో నీళ్లు ఆ డ్యుటీరియాన్ని తిరిగి లాక్కొని కిందికి దింపుతాయి. పైకి పోదామంటే నీళ్లు దించుతాయి, కిందికి పోదామంటే గ్యాస్ ఎత్తుతుంది. ఎటూ పోలేక అది రెండు టవర్ల మధ్యన పోగుపడుతుంది. కవ్వం తిప్పేకొద్దీ చల్ల మీద వెన్న తేలినట్టు. ఆ నడిమి చోటునుంచి కొంత తీసి పక్క దశకు పంపుతారు. అక్కడ మళ్లీ అదే చిలుకుడు. దశ దశకూ చిక్కబడి నూటికి పదిహేను, ఇరవై పాళ్లకు చేరాక, చివర ఒత్తిడి తగ్గించిన గొట్టపు టవర్లలో ఆవిరిపట్టి నూటికి 99.8 పాళ్ల స్థాయికి తీసుకొస్తారు. మామూలు నీళ్లు నూరు డిగ్రీలకు మరిగితే, భారజలం 101.4 దగ్గర మరుగుతుంది. డిగ్రీన్నర కూడా లేని ఆ ఎడంతోనే చివరి శుద్ధి.

ఒక టన్ను నీళ్లలో ఉండే భారజలం సుమారు 165 గ్రాములు. అందులో ఈ పద్ధతికి చిక్కేది ఐదో వంతు. ఆ లెక్కన ఒక కిలో భారజలం చేతికి రావాలంటే ముప్పై టన్నుల నీళ్లు టవర్ల గుండా నడవాలి. రెండు కుటుంబాలు నెలంతా వాడుకునేన్ని నీళ్లలో ఒక్క లీటరు సీసా కూడా నిండదు. మిగిలిన నీళ్లను గ్యాస్ లేకుండా కడిగి, వేడిని వెనక్కి తీసుకొని వదిలేస్తారు.

టవర్ లోపల ఏముంటుందో కూడా చూద్దాం. ఒకదాని మీద ఒకటిగా ఉక్కు పళ్లేలు, ప్రతి పళ్లెం నిండా సన్నటి చిల్లులు. బూందీ గరిటెను బల్లంత వెడల్పు చేస్తే ఎలా ఉంటుందో అలా. పళ్లెం మీద నీళ్లు పలుచగా పారుతుంటే చిల్లుల్లోంచి గ్యాస్ బుడబుడమంటూ పైకి వస్తుంది. గ్యాస్ ఒత్తిడే నీళ్లు చిల్లుల్లోంచి కారిపోకుండా పట్టి ఉంచుతుంది. అంటే గ్యాస్‌ను తోసే యంత్రం ఒక్క క్షణం ఆగినా పళ్లేల మీది నీళ్లన్నీ దబదబా కిందికి కారి కలగలిసిపోతాయి. పైపళ్లెంలో ఎంత, కిందిపళ్లెంలో ఎంత అని వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పేర్చుకుంటూ వచ్చిన చిక్కదనం పోతుంది. మళ్లీ మొదటి నుంచి చిలకాలి. ఈ ప్లాంటుకు సొంత విద్యుత్ కేంద్రం ఎందుకు పెట్టారో నాకు ఈ పళ్లెం సంగతి తెలిశాకే అర్థమైంది. కరెంటు పోతే మనకు ఫ్యాను ఆగుతుంది. వాళ్లకు నెల రోజుల కష్టం కారిపోతుంది.

చల్లటి టవర్‌ను ఇంకా చల్లబరిస్తే మొగ్గు ఇంకా పెరుగుతుంది కదా, ముప్పై దగ్గరే ఎందుకు ఆగారు? ఇక్కడే పనితనం కనిపిస్తుంది. గాలి ఒత్తిడికి ఇరవై రెట్ల ఒత్తిడిలో హైడ్రోజన్ సల్ఫైడ్, నీళ్లు కలిస్తే 29 డిగ్రీల దగ్గరే మంచులాంటి గడ్డలు కడతాయి. మన పాల్వంచలో ఎండాకాలం అర్ధరాత్రి ఫ్యాను కింద కూడా ఉండే వేడి అది. ఆ వేడిలో మంచు! ఆ గడ్డలు పళ్లేల చిల్లులు పూడ్చేస్తే టవర్ గొంతు మూసుకుపోతుంది. రెండు మూడు డిగ్రీలు పైన ఉంటే లాభం తగ్గుతుంది, రెండు మూడు డిగ్రీలు కిందికి జారితే టవర్ ఆగుతుంది. మే నెలలో బయట 46 డిగ్రీలు, డిసెంబరు తెల్లవారుజామున గోదావరి మీద మంచు. ఏ కాలమైనా ఆ సన్నటి గట్టు మీదే ప్లాంటు నడవాలి. మూడు షిఫ్టులు, ఏడాది పొడవునా, కంట్రోల్ రూంలో కూర్చున్న మనిషి చూపు ఆ అంకె మీదే.

నురుగు ఇంకో గండం. పప్పు పొంగినట్టు పళ్లెం మీది నీళ్లు నురగెత్తితే పైపళ్లెం దాకా ఎక్కి చిక్కదనాల వరుసను చెడగొడతాయి. నదిలోంచి వచ్చే నలుసు, జిడ్డు, లవణం అన్నీ నురుగుకు మేతే. జులైలో గోదావరి ఎర్రగా పొంగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అలాంటి నీళ్లను తేటపరచి, వడగట్టి, లవణాలు తీసి లోపలికి పంపాలి. అప్పటికీ నురగ అణిచే మందు కాస్త కలపక తప్పదు.

అన్నింటికన్నా నన్ను కట్టిపడేసింది ఉక్కు సంగతి. తడిసిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉక్కును తినేస్తుంది. ఇంత పెద్ద టవర్లన్నీ ఖరీదైన లోహాలతో కడితే దేశం దివాలా తీస్తుంది. అందుకని మామూలు కార్బన్ స్టీలునే వాడి, అసలు పని మొదలుపెట్టకముందే రోజుల తరబడి అదే గ్యాస్‌ను, నీళ్లను వేడిమీద టవర్ల గుండా తిప్పుతారు. ఉక్కు పైపొర గ్యాస్‌తో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. మొదట వచ్చే పొర మెత్తగా, రాలిపోయేలా ఉంటుంది. ఓపిగ్గా కాస్తే అది గట్టిపడి పైరైట్ పొరగా స్థిరపడుతుంది. ఇక ఆ పొరే కింది ఉక్కుకు కాపలా. తినడానికి వచ్చినదాన్నే కవచంగా తొడుగుకోవడం. కొత్త ఇనప పెనాన్ని మా అమ్మమ్మ నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి వారం రోజులు ‘పండించేది’. అట్టు అంటుకోని పెనం అలా తయారయ్యేది. టవర్లను పండించే ఈ పని చదివినప్పుడు ఆ పెనమే గుర్తొచ్చింది. తొందరపడితే రెండూ చెడతాయి.

ఇదంతా చేసేది ప్రాణాంతకమైన గ్యాస్‌తో. మురిగిన కోడిగుడ్డు వాసన వేసే ఈ గ్యాస్‌లో ఒక మోసం ఉంది. కొద్దిగా ఉంటే వాసన వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు వంద దాటితే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన పోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నవాడు ఇంకొంచెం పెరిగితే కుప్పకూలతాడు. అందుకే ఇలాంటి ప్లాంట్లలో ముక్కును నమ్మరు. పరికరాన్ని నమ్ముతారు, పక్కవాణ్ని నమ్ముతారు. గ్యాస్ ఉన్నచోటికి ఒంటరిగా వెళ్లరు, జోడీగా వెళ్తారు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి ఎత్తున ఎగురుతుంటుంది, ప్రమాద ఘంట మోగితే దాన్ని చూసి గాలికి ఎదురుదిక్కుగా నడవాలి. రోజూ అదే పని, రోజూ అదే జాగ్రత్త. విసుగు పుట్టించే క్రమశిక్షణ అది. నా దృష్టిలో పనితనపు అసలు పరీక్ష ఆ విసుగును జయించడమే.

ఇప్పుడు ఖర్చు మాట. దాచకుండా చెప్పాలి. ఈ స్వచ్ఛమైన ఇంధనపు సరుకును బొగ్గు కాల్చి తీశారు. టవర్లను వేడిచేసే ఆవిరి, పంపులను తిప్పే కరెంటు అన్నీ సింగరేణి బొగ్గువే. ముప్పై టన్నుల నీళ్లను నూట ముప్పై డిగ్రీలకు కాచి, మళ్లీ చల్లార్చి, ఒక్క కిలో తీయడమంటే బొగ్గు బస్తాలు కరిగిపోతాయి. ఆ వేడిని వీలైనంత వెనక్కి రాబట్టుకోవడమే ఇక్కడి ఇంజినీర్ల నిత్య పోరాటం. వేడి టవర్ నుంచి వెళ్లే గ్యాస్ వేడిని లోపలికి వచ్చే నీళ్లకు అందించడం, ఆవిరిని ఒకటికి రెండుసార్లు వాడుకోవడం వంటి పొదుపులన్నీ ఆ పోరాటంలోవే. అయితే భారజలం కిరసనాయిల్‌లా ఖర్చయిపోదు. ఒకసారి రియాక్టర్‌లో నింపితే దశాబ్దాలు అందులోనే తిరుగుతుంది. లీకైన బొట్టును కూడా పట్టి, శుద్ధిచేసి వెనక్కి పోస్తారు. మొదట పెట్టిన బొగ్గు ఖర్చు నలభై ఏళ్ల కరెంటు మీద పంచుకుంటే అది చాలా పలుచబడుతుంది.

అణువిద్యుత్తు లెక్కంతా ఇంతే. ఇంధనం ఖర్చు తక్కువ, మొదట కట్టే ఖర్చు కొండంత. గని నుంచి కూల్చివేత దాకా మొత్తం లెక్కగట్టి అంతర్జాతీయ వాతావరణ నిపుణుల సంఘం 2014లో చెప్పిన మధ్యస్థ అంకెలు చూస్తే, ఒక్క యూనిట్ కరెంటుకు బొగ్గు 820 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వదిలితే అణుశక్తి 12 గ్రాములు, గాలిమర 11, పెద్ద సోలార్ క్షేత్రాలు 48. బూడిద మీద పెరిగినవాణ్ని, నాకు ఆ 820కీ 12కీ మధ్య తేడా కాగితం మీది అంకె మాత్రమే కాదు. సోలార్ ఇప్పుడు చాలా చవక. 2020 చివర్లో గుజరాత్ వేలంలో యూనిట్ రెండు రూపాయల లోపే పలికింది. చవక ఉన్నదాన్ని వాడుకోవలసిందే. కానీ సాయంత్రం ఆరు దాటాక పొలంలో మోటారు, ఆసుపత్రిలో యంత్రం, రైల్వే లైను ఆగవు కదా. రాత్రంతా నిలకడగా తిరిగే కరెంటు కావాలంటే ఇవాళ మన దగ్గరున్నవి బొగ్గు, నీళ్లు, అణువు. బ్యాటరీలు పెరుగుతున్నాయి, పెరగాలి కూడా.

కొత్త అణుకేంద్రం ఖరీదు ఎంతన్నది ఎవరు కడుతున్నారు, ఎన్నోసారి కడుతున్నారు అన్నదాని మీద ఉంటుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు వోగ్ట్‌ల్‌లో రెండు కొత్త రియాక్టర్లు 2023, 2024లో పూర్తయ్యాయి. మొదట 1,400 కోట్ల డాలర్లు అనుకున్నది 3,000 కోట్లు దాటింది. మధ్యలో వాటి డిజైన్ కంపెనీ వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. ఆ ఖర్చు మన రూపాయల్లో మెగావాట్‌కు వంద కోట్ల పైమాటే. ఇటు 2017లో కేంద్రం ఒకే మూసలో పది 700 మెగావాట్ల భారజల రియాక్టర్లకు అనుమతిచ్చింది. అంచనా 1,05,000 కోట్లు. అంటే మెగావాట్‌కు పదిహేను కోట్లు. జీతాల్లో తేడా ఉంది, నిజమే. మనవి కూడా ఆలస్యమవుతాయి. గుజరాత్‌లో కాక్రాపార్ మూడు, నాలుగు యూనిట్లు 11,459 కోట్ల అంచనాతో మొదలై దాదాపు రెట్టింపు మింగాయి. 2010లో తవ్వడం మొదలుపెడితే మూడో యూనిట్ వ్యాపార ఉత్పత్తికి వచ్చింది 2023 జూన్‌లో. అయినా ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటగా కనబడుతుంది. చేసినదాన్నే మళ్లీ మళ్లీ చేసిన చేతులకు ఖర్చు అదుపులో ఉంటుంది.

ఆ చేతుల్లో తెలుగు చేతులు చాలానే ఉన్నాయి. హైదరాబాద్ మౌలాలి పక్కన 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ను తొలినాళ్లలో నడిపినవారు ఎన్. కొండల్ రావు. మన భారజల రియాక్టర్లకు యురేనియం బిళ్లలు పేర్చిన కట్టలు అక్కడే తయారవుతాయి. 220 మెగావాట్ల రియాక్టర్‌కు పందొమ్మిది కడ్డీల కట్ట, మూర పొడవు, పదహారు కిలోల పైచిలుకు బరువు. దాని పక్కనే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు చేసేది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో దాన్ని నెలకొల్పారు. ఇవాళ ఏఎస్‌రావు నగర్‌లో ఇల్లు అద్దెకు వెతికేవాళ్లకు ఆ పేరు వెనక మనిషి తెలిస్తే బాగుంటుంది. భారజలం, హైదరాబాద్ కట్టలు, మన పరికరాలు, మన ఆపరేటర్లు కలిస్తే ఏం జరుగుతుందో కర్ణాటకలో కైగా ఒకటో యూనిట్ చూపించింది. 2016 మేలో తిరగడం మొదలుపెట్టి 2018 డిసెంబరు 31న ఆపేదాకా 962 రోజులు ఒక్క పూట ఆగలేదు. అప్పటికి ప్రపంచ రికార్డు అది.

ఈ గొలుసులో నొప్పి ఉన్న కొసలు కూడా ఉన్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో టన్ను రాయికి అర కిలో యురేనియం కూడా రాని గని 2012 నుంచి నడుస్తోంది. వ్యర్థాల చెరువు పక్క పల్లెలవాళ్లు తమ బోరు నీళ్లు, అరటి తోటలు పాడయ్యాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది. మణుగూరులో పళ్లెం చిల్లుల మీద చూపిన శ్రద్ధలో సగం తుమ్మలపల్లె చెరువు అడుగు మీద చూపాలి. ఒకచోట చేయగలిగిన దేశం ఇంకోచోట చేయలేనంటే ఒప్పుకోవడానికి లేదు.

శ్రీకాకుళం కొవ్వాడ సంగతీ ఇందులోదే. అక్కడ ఆరు అమెరికా రియాక్టర్లు పెడతామని ఏళ్లుగా అంటున్నారు. భూములు తీసుకున్నారు, మత్స్యకారుల ఊళ్లు తరలిస్తామన్నారు, ఒక్క రియాక్టర్‌కూ పునాది పడలేదు. పెట్టాలనుకున్నవి వోగ్ట్‌ల్‌లో ఖర్చు రెట్టింపు చేసిన ఆ రకమే. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు కావాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2025లో ఉన్నది తొమ్మిది వేలకు లోపే. అంత దూరం నడవాలంటే తెలియని బండి ఎక్కే కన్నా, మన చేతికి అలవాటైన 700 మెగావాట్ల భారజల రియాక్టర్‌నే పట్టుకొని, ఒకే మూసలో, ఒకదాని వెంట ఒకటి కట్టుకుపోవడం మేలని నా గట్టి నమ్మకం. కొవ్వాడ మత్స్యకారుడికి కూడా ఏళ్ల తరబడి ఊరించే మాట కన్నా ఇది ఉందనో లేదనో చెప్పే మాట మేలు.

మణుగూరు పని ఇప్పుడు భారజలంతో ఆగలేదు. ఇక్కడి భారజలం దక్షిణ కొరియా, అమెరికాల దాకా ఎగుమతయ్యే సరుకులో భాగం. నీళ్లలోనే ఉండే ఇంకో బరువు పరమాణువు, ఆక్సిజన్-18. అది చిక్కగా ఉన్న నీళ్లను కూడా ఇదే ప్రాంగణంలో తీస్తున్నారు. క్యాన్సర్ ఎక్కడెక్కడ పాకిందో చూపే పెట్ స్కాన్ మందు తయారీకి ఆ నీళ్లే మూలం. ఇంతకు ముందు విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లం. నీళ్లలో వేలల్లో ఒకటిని వెతికి పట్టే విద్య ఒకసారి వస్తే అది ఒక్క పనికే కట్టుబడి ఉండదు.

కొత్తగూడెం, పాల్వంచ, ఇల్లెందు, భద్రాచలం బడుల పంతుళ్లకు ఒక్క మనవి. తొమ్మిదో తరగతిలో ఐసోటోపుల పాఠం వస్తుంది. పుస్తకంలో ఎక్కడెక్కడి పేర్లో ఉంటాయి. ఆ రోజు పిల్లల ముందు ఒక గ్లాసు గోదావరి నీళ్లు పెట్టండి. ఇందులోంచి భారజలం తీసే మనుషులు మన జిల్లాలోనే ఉన్నారని, మూడు షిఫ్టులూ పనిచేస్తున్నారని, వాళ్ల ప్లాంటు అశ్వాపురంలో ఉందని చెప్పండి.